ఖాళీగా వెళ్ళిన తేనెబుర్ర

పడమటి గుబ్బల మీదికి పొద్దు వాలుతోంది. కొండదారి రాళ్ళ మీద గిట్టలు నిప్పులు రాలుస్తుంటే, సింధుకేతుడి గుర్రం నురగలు కక్కుతూ పరుగెడుతోంది. గుర్రాన్ని చంపుకుని ఆ పైన కాళ్ళు ఈడ్చుకుంటూ పోదామా అని వెనక నుంచి దుబ్బన్న గొణుగుతున్నా, యువరాజు కళ్ళెం బిగించలేదు. ఆ గుబ్బల అవతలికి పొద్దు జారేలోగా పొత్తింటికి చేరకపోతే, తరళిక ఇక ఈ జన్మకు తన చెల్లెలు కాదు.

రత్నకేదార రాజ్యం మాగాణుల సీమ. దాని నెత్తిన గుబ్బలకోన. కింద వరి పండించేవాళ్ళు, పైన తేనె తీసేవాళ్ళు. రెండు సీమల సరిహద్దులో పొత్తిల్లు అనే పాతకాలపు రాతి మండపం ఉంది. ఏటా మోదుగులు పూసే వేళకు కోనవాళ్ళు ఒక సొరబుర్ర నిండా తేనె పోసి అక్కడ అందిస్తారు. ఆ బుర్రను నింపి తిరిగి అప్పగించవలసింది రాజుగారింటి ఆడపిల్ల. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎందుకు మొదలైందో మాగాణి సీమలో ఎవరికీ గుర్తు లేదు. ఎందుకో గుర్తు లేని ఆచారాన్ని పెరికెయ్యడం తేలిక. ఆ ఏడు కొలువులో చేరిన ఒక పరదేశి పండితుడు సరిగ్గా ఆ పనే చేశాడు. కొండవాళ్ళ బుర్ర నింపి పంపడమంటే కప్పం కట్టినట్టేనని, శుభ్రంగా తోమి పట్టుగుడ్డలో చుట్టి పంపితే మర్యాదకు మర్యాద, దర్పానికి దర్పం దక్కుతాయని మహారాజుకు నూరిపోశాడు. పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపకూడదని రాజ్యంలో ప్రతి వంటింటికీ తెలుసు. సభలో ఎవరూ వంటింటిని అడగలేదు.

తరళిక పల్లకి ఎక్కి ఖాళీ బుర్ర పట్టుకుని వెళ్ళింది. వెళ్ళిన పల్లకి ఖాళీగా తిరిగొచ్చింది. ఖాళీ బుర్ర తెచ్చినవాళ్ళే ఆ బుర్రకు నింపుడు కావాలన్నది కోన కట్టుబాటు. ఆమెను ఎవరూ కట్టెయ్యలేదు, కాపలా పెట్టలేదు. లేచి వచ్చేస్తే పొత్తు తెగుతుంది, పొత్తు తెగితే కత్తులు లేస్తాయి. అది తెలిసి తరళికే తన అరచేతిలో కోన ఉప్పుగల్లు పెట్టించుకుని మండపంలో కూర్చుంది. కోనవైపు గడప మీద ఎండ నిలిచినంతసేపే గడువు. ఎండ గడప దిగాక ఆ ఉప్పుగల్లు నోట్లో వేసుకుంటుంది. ఆపైన ఆమె కోనబిడ్డ. పుట్టింటి గుమ్మం మళ్ళీ తొక్కకూడదు.

బోయీలు ఈ కబురు చెబుతుండగానే పరదేశి పండితుడి పీట మీద గుప్పెడు బూడిద మిగిలింది, మనిషి లేడు. వాడు ఉద్దండకంఠుడని అప్పుడు అందరికీ తెలిసింది. ఏ మనిషికీ, ఏ దేవుడికీ, ఏ గుమ్మానికీ తల వంచనని వ్రతం పట్టి, ఆ వ్రతబలంతో కోరిన రూపం తొడుక్కునే మాంత్రికుడు వాడు. కొలువులో ఉన్నన్నాళ్ళూ మహారాజుకు ఒక్కనాడూ వంగి దణ్ణం పెట్టకపోతే, పాండిత్యపు పొగరులే అని సరిపెట్టుకున్నారు.

మంత్రులు ఖజానా తెరిచి రత్నాలు పెట్టెకెత్తారు. రాణిగారు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళింది. స్వయంగా పెరుగన్నం కలిపి, దబ్బకాయ ఊరగాయ బద్ద నంజుకోను పెట్టి, అరిటాకులో చుట్టి, గుడ్డలో మూటగట్టి తెచ్చి కొడుకు నడుముకు కట్టింది.

"అవి మీ మంత్రులిచ్చినవి, పట్టుకుపో. ఇది నేనిచ్చింది. దారిలో ఊడ్చి తినెయ్యకు నాయనా. పొరుగువాళ్ళ గడప తొక్కేటప్పుడు చేతిలో ఇంటి మెతుకు ఉండాలి" అంది.

సింధుకేతుడు ఆ మాట సగం మనసుతోనే విన్నాడు. మిగతా సగం అప్పటికే గుర్రం మీద ఉంది.

దుబ్బన్న గుర్రపుశాల కాపరి. యువరాజుతో కలిసి ఆడి, కలిసి దెబ్బలు తిన్నవాడు. ప్రాణభయం తక్కువ, ఆకలిభయం ఎక్కువ. రత్నాల పెట్టె అతని వీపున ఉంది. దారి పొడుగునా అతనికి ఒకటే బాధ.

"పెట్టె నా వీపుకు, మూట తమరి నడుముకా? ఇదేం న్యాయం దొరా. కాస్త ఇటుది అటు మార్చుకుందాం."

"నోరు మూసుకుని పద దుబ్బన్నా."

"మూసుకునే ఉంది దొరా, అదే కదా నా ఏడుపు."

వాగు దాటగానే వెదురుపొద మొదలైంది. పచ్చటి స్తంభాల మీద బంగారు గీతలు దిద్దినట్టున్న వెదుళ్ళు, తలల మీద ఆకుల పందిళ్ళు, ఆ పందిళ్ళ సందుల్లోంచి రాలే ఎండ చిల్లరకాసులు. చూడముచ్చటగా ఉన్న ఆ దారి సగం పోయేసరికి కిర్రుమంది. గాలి లేదు. అయినా వెదుళ్ళు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వంగి, తమంతట తామే తడికలా అల్లుకుంటున్నాయి. గుర్రాలు ముందుకాళ్ళు లేపి సకిలించాయి. ఇది మాంత్రికుడి పనేనని గ్రహించి సింధుకేతుడు కత్తి దూశాడు. ఒక వెదురు నరికితే ఆ మొదట్లోంచి రెండు మొలిచాయి. నరికే కొద్దీ గూడు బిగుస్తోంది. అప్పుడు దుబ్బన్న గుర్రాలను వదిలెయ్యమని, బుట్ట అల్లేటప్పుడు అడుగున ఎప్పుడూ కంత ఉంటుందని అరిచాడు. ఇద్దరూ నేల మీద పడి, ఉడుముల్లా పాకుతూ వేళ్ళ సందులోంచి దూరి, చొక్కాలు చీలికలై, మోచేతులు దోక్కుపోయి అవతలికి తేలారు. వెనక వెదురుగూడు గుప్పిటలా మూసుకుంది. గుర్రాలు మాత్రం వెనక్కి తిరిగి బతుకుజీవుడా అని పారిపోయాయి.

ఇక నడకే. నడక కాదు, పరుగు.

పరుగు కొండచరియ మలుపు తిరిగిందో లేదో, దారికి అడ్డంగా ఒక ఎలుగుబంటి లేచి నిలబడింది. గున్న ఏనుగంత ఉంది. ఒంటి మీద వెంట్రుకకు బదులు పొగ సుళ్ళు తిరుగుతోంది. గుక్క తిప్పుకునే వ్యవధి ఇవ్వకుండా పంజా విసిరింది. సింధుకేతుడు పక్కకు దూకాడు. పంజా తగిలిన బండ పెచ్చులుగా లేచింది. రెండోసారి పంజా విసిరినప్పుడు కత్తి దాని భుజంలో దిగింది గానీ పొగలో దిగినట్టే, రక్తం లేదు, నొప్పి లేదు. లోయ వైపు వెనక్కి వెనక్కి జరుగుతున్న యువరాజు కాలికింద రాయి జారింది. దుబ్బన్న పెట్టె విప్పి గుప్పెడు రత్నాలు దాని ముఖాన కొట్టాడు. అది వాటిని తొక్కుకుంటూ వచ్చింది.

అప్పుడు ఎలుగు ముక్కు అటూ ఇటూ కదిలింది. దాని చూపు యువరాజు నడుముకున్న మూట మీద ఆగింది. పుల్లటి పెరుగు, దబ్బకాయ కారం. మంత్రంతో పుట్టించినా ఎలుగు ఎలుగే.

సింధుకేతుడు మూట విప్పి సగం పైగా అన్నం లోయ అంచున చల్లాడు. దుబ్బన్న కళ్ళు తిప్పుకున్నాడు, ఆ ఘోరం చూడలేక. ఎలుగు తల వంచి మెతుకులు నాకుతుంటే దాని పొగ ఒళ్ళు కాస్త గట్టిపడింది. ఇద్దరూ కలిసి భుజాలు ఆనించి ఒక్క తోపు తోశారు. పొగ అంతా లోయలోకి దూదిలా విడిపోయి రాలింది.

"ఏనుగంత ఎలుగుకు పెట్టారు. దుబ్బన్నకు పెట్టలేరు. సరే, నా రాత" అన్నాడు దుబ్బన్న చెమట తుడుచుకుంటూ. మూటలో గుప్పెడు మిగిలింది. దాన్ని యువరాజు మళ్ళీ ముడేశాడు.

చివరి అడ్డు ఉరుములవాగు. దాని మీద తీగల వంతెన. వంతెన నడిమికి వచ్చేసరికి వాగులోంచి తెల్లటి పొగమంచు లేచి కళ్ళు కప్పేసింది. ముందు నడుస్తున్న సింధుకేతుడు వెనక దబ్బున ఏదో పడ్డ చప్పుడు విని, దుబ్బన్నా అని కేకవేశాడు. ఆపైన, వస్తున్నాను పదండి, పొద్దు పోతోంది అన్న మాట వినిపించింది. మంచు తేలిపోయింది. దుబ్బన్న వెనకే ఉన్నాడు, వీపున పెట్టె ఉంది. సరేనని యువరాజు పరుగందుకున్నాడు. అయినా ఎక్కడో ఏదో కుదరడం లేదనిపిస్తోంది. చెవిలో ఎప్పుడూ మోగే మువ్వ ఒకటి ఆగిపోయినట్టుంది. ఆ మువ్వ ఏమిటో తేల్చుకునే తీరిక లేదు. ఎదురుగా పొత్తిల్లు.

రెండు కొండల ఒడిలో పడుకోబెట్టినట్టున్న కట్టడం అది. కిటికీ లేదు, గోపురం లేదు, కలశం లేదు. కప్పు గుండ్రంగా, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బి ఉంది. గోడల నిండా రాతిని గుడ్డలా మడిచిన చెక్కడాలు, మడత మీద మడత, ఏ మడత ఎక్కడ మొదలైందో తెలియదు. ఎండలో తేనెరంగుగా మెరిసే ఆ పాతరాయి మధ్య, మాగాణి వైపు మాత్రం తెల్లటి కొత్తరాతి సింహద్వారం నిలువెత్తున లేచి ఉంది. సింధుకేతుడి తాత రణకేతు మహారాజు, మా వంశంవాళ్ళు వంగి పోవాలా అని తొలిపించిన ద్వారం అది. దాని పక్కన అడవిమల్లె తీగలు కమ్మేసిన ఒక చిన్న కంత ఉంది. దాన్ని సింధుకేతుడు వర్షపునీరు పోయే తూము అనుకున్నాడు.

కత్తి బయట పాతి, సింహద్వారంలోంచి తల ఎత్తుకునే లోపలికి పరుగెత్తాడు. దుబ్బన్న వెంటే వచ్చాడు.

నడిమధ్య బొడ్డురాయి. దానికి అటు కోన పెద్ద జువ్వమ్మ పులితోలు మీద కూర్చుని ఉంది. జుట్టు తుమ్మిపూవులా తెల్లబడింది, కళ్ళు మాత్రం ఇంకా పడుచువే. ఆమె పక్కన తరళిక. చాచిన అరచేతిలో ఉప్పుగల్లు. కోనవైపు వాకిలి మనిషి నడుమెత్తు కూడా లేదు. ఆ గడప మీద వాలిన ఎండ బారెడే మిగిలింది.

"కత్తితో వచ్చావా అన్నయ్యా?" అని అడిగింది తరళిక. బయట పెట్టి వచ్చానన్నాక ఆమె భుజాలు దిగాయి.

సింధుకేతుడు జువ్వమ్మకు నమస్కరించి, జరిగిన తప్పు ఒప్పుకుని, మాంత్రికుడి మోసం చెప్పి, దుబ్బన్న వీపు నుంచి పెట్టె దించి ఆమె ముందు తెరిచాడు. మండపమంతా రంగుల వెలుగు పరుచుకుంది. జువ్వమ్మ ఒక కెంపు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అందులోనే వేసింది.

"బాగుంది నాయనా. ఎంతసేపు ఉడికించాలి?"

యువరాజు పెట్టెను మెల్లగా పక్కకు జరిపాడు.

"చుట్టాల బుర్రలో రాళ్ళేసి పంపుతారా ఎవరైనా? అయినా నీతో నాకు మాటేంటి. ఆ వాకిట్లోంచి వచ్చినోళ్ళు మండపం చూసిపోయేవాళ్ళు. చుట్టాలు వచ్చే వాకిలి అది కాదు" అంది. ఆపైన తన గోడు తనే చెప్పుకున్నట్టు మెల్లగా చెప్పుకొచ్చింది. మీ తాత ఆ రాయి తొలిచిననాడు మా అమ్మ ఏడ్చిందట. ఎప్పటికైనా ఒకడు వంగి వస్తాడులే అని ఏటా తేనె మాత్రం మానలేదట. బుర్ర ఖాళీగా రాగానే ఈ బొడ్డురాయి పక్కన నేల చీలింది. బుర్ర నిండుగా తిరుగుతున్నంత కాలం ఈ రాయి కదలదు, కింద ఉన్న తొలితల్లి మొలనూలు ఎవరికీ దక్కదు. అది దక్కినవాడి చేతికి రెండు సీమలూ చిక్కుతాయి.

మాంత్రికుడు తోమి తుడిపించింది బుర్రను కాదు, ఈ రాతి కట్టును అని సింధుకేతుడికి తెలిసింది. తల దించి రాయి వైపు చూశాడు. అప్పుడు కనిపించింది. బొడ్డురాతి నుంచి నేల మీద రెండు మెలికల తాళ్ళు చెక్కి ఉన్నాయి. ఒకటి కోనవైపు పొట్టి వాకిలికి పోయింది. రెండోది ఇటు సింహద్వారానికి రాలేదు. దాన్ని తప్పించుకుని పక్కకు తిరిగి, తీగలు కమ్మిన ఆ తూము దగ్గర ఆగింది.

బొడ్డు. బొడ్డు నుంచి రెండు పేగులు. మడతలు పెట్టి చుట్టిన గోడలు.

"అవ్వా, దీన్ని మేం పొత్తిల్లు అంటాం. పొత్తు కుదిరిన ఇల్లు అని."

"మేం పొత్తిలి అంటాం. పసిబిడ్డను చుట్టే పొత్తిలి. ఒక్క తల్లి, ఇద్దరు బిడ్డలు. ఒకడు కిందికి దిగాడు, ఒకతి పైకెక్కింది. పిచ్చోడా, నువ్వు ఎవరింటికి రాళ్ళు మోసుకొచ్చావు?"

గడప మీద ఎండ జానెడుకు తగ్గింది. సింధుకేతుడు బయటికి పరుగెత్తాడు. అడవిమల్లె తీగలు రెండు చేతులా చీల్చి, నేల మీద బోర్లా పడి, తల వంచి ఆ కంతలో దూరాడు. రాయి భుజాలను ఒరుసుకుంది. వెదురుగూట్లో దోక్కుపోయిన మోచేతులు మళ్ళీ రక్తం చిందాయి. సగం లోపలికి పోయాక గుర్తొచ్చి, వెనకే బయటికి వచ్చిన దుబ్బన్నను కూడా పాకుతూ రమ్మన్నాడు.

నడుము పట్టేసిందని, తాను పెద్ద వాకిట్లోంచే వస్తానని దుబ్బన్న అన్నాడు.

ఇందాక వెదుళ్ళ కింద ఉడుములా పాకిన నడుము.

సింధుకేతుడు ఆ ఇరుకులోనే ఆగాడు. చెవిలో ఆగిపోయిన మువ్వ ఏదో ఇప్పుడు తెలిసింది. వంతెన దాటినప్పటి నుంచి దుబ్బన్న ఒక్కసారి కూడా ఆకలి అనలేదు. యువరాజు మామూలు గొంతుతోనే, "నీ బాధ చూడలేకపోతున్నాను. మూటలో గుప్పెడు మిగిలింది, తిని రా" అన్నాడు.

"ఆ పాచికూడు ఎవడికి కావాలి" అంది దుబ్బన్న గొంతు.

యువరాజు ఒక్క ఉదుటున లోపలికి జారి, వెనక్కి తిరిగి, కంతలోంచి చేతులు చాచి బయట నిలబడ్డవాడి రెండు మడమలూ దొరకబుచ్చుకుని గుంజాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. పడ్డవాణ్ణి కాళ్ళు పట్టి కంతలోకి ఈడ్చాడు. నడుము వచ్చింది, గుండె వచ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి వాడు రెండు చేతులతో గుమ్మపురాతిని ఆపి మెడ బిగించాడు. కొండలు దద్దరిల్లేలా అరిచాడు. లోపల నుంచి తరళిక లేచి వచ్చింది. ఉప్పుగల్లు ఎడమ గుప్పిట్లో బిగించి, కుడి చేత్తో అన్న నడుము పట్టుకుని లాగింది. పాతరాయి వాడి నెత్తిని వంచింది. గడ్డం రొమ్ముకు తగిలింది. అంతే. వ్రతం పుటుక్కుమంది. దుబ్బన్న ముఖం తడిసిన సున్నంలా పెళ్ళలుగా ఊడి, లోపలి నుంచి ఎముకలు తేలిన బూడిదరంగు ముఖం బయటపడింది. మరుక్షణం ఆ ఉద్దండకంఠుడు పొగై, నేల మీద పాకి, బొడ్డురాయి పక్క చీలికలోకి జారిపోయాడు. తల వంచకుండా బతికినవాడు తలకిందులుగా పోయాడు.

ఆలోచించే వేళ కాదు. గడప చివర ఎండ బియ్యపుగింజంత ఉంది. సింధుకేతుడు గబగబా మూట విప్పాడు. అరిటాకు నలిగింది, అన్నం చితికింది, ఊరగాయ రసం గుడ్డకంతా పట్టింది. ఉన్న గుప్పెడూ ఊడ్చి ఖాళీ బుర్రలో పెట్టి, రెండు చేతులా జువ్వమ్మకు చాపాడు.

"మా అమ్మ కలిపింది అవ్వా. దారిలో కొంత ఎలుగుకు పెట్టాం."

జువ్వమ్మ బుర్రలోకి తొంగిచూసింది. వాసన చూసింది. ఒక మెతుకు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"దబ్బకాయ. మీ అమ్మ చెయ్యి కొంచెం ఉప్పు ఎక్కువే" అంది. "ఇచ్చిన ఇల్లు నిండనీ, పుచ్చుకున్న ఇల్లు నిండనీ" అని బుర్రను కళ్ళకద్దుకుంది. మిగిలిన ముద్దలో సగం తరళిక నోట్లో పెట్టి, సగం బొడ్డురాతి మీద ఉంచి, పిల్ల గుప్పిట విప్పించి ఉప్పుగల్లు తన కొంగున ముడేసుకుంది. ఎండ గడప దిగింది. తరళిక నోట్లో ముద్ద నమలకుండానే అన్న భుజం మీద తల వాల్చింది.

అప్పుడు కాళ్ళకింద రాయి మూలిగింది. బుర్ర నిండింది కనుక బొడ్డురాయి తన చోటికి జరుగుతోంది. చీలిక మూరెడు నుంచి అంగుళం అంగుళం మూసుకుంటోంది. కోనవాళ్ళు చేతులు జోడించారు. ఒక్క సింధుకేతుడికే చప్పున గుర్తొచ్చింది. మాంత్రికుడు రూపం దొంగిలించాడు. మరి మనిషి ఏడి? వంతెన దగ్గర దబ్బున పడ్డది దుబ్బన్నే, ఆ వాగు పోయేది ఈ మండపం కిందికే.

చీలిక మీదికి వంగి దుబ్బన్నను పేరు పెట్టి పిలిచాడు. కింద చీకటి గుహ, దూరంగా నీళ్ళ చప్పుడు, ఇంకెక్కడో మంత్రాలు నెమరేస్తున్న బొంగురు గొంతు. రాయిని ఆపే దారి చెప్పమని జువ్వమ్మను అడిగాడు. ఆపితే పొత్తు మళ్ళీ తెగుతుందని ఆమె తల అడ్డంగా ఊపింది. పోయేవాడు పోవచ్చు, ఈ దారిన మాత్రం తిరిగి రాలేడు అంది. తరళిక అన్న చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, తనే వదిలేసింది.

జువ్వమ్మ బుర్రను తుడవనైనా లేదు. మెతుకులంటిన ఆ బుర్రలోనే తేనెమైనపు ముద్ద పెట్టి, వత్తి గుచ్చి, వెలిగించి యువరాజు చేతికిచ్చింది.

"మీరు నింపి ఇచ్చారు, మేం ఖాళీగా పంపుతామా? పట్టుకుపో నాయనా."

చీలిక ఇక ఒక మనిషి పక్కకు తిరిగి పట్టేంతే ఉంది. సింధుకేతుడు దీపపు బుర్ర రొమ్ముకు అదుముకుని, ఊపిరి బిగించి, చీకట్లోకి జారాడు. తలపైన బొడ్డురాయి దడాలున కుదురుకుంది. పైనున్న వెలుగు పోయింది. కింద, ఎంత లోతునుంచో, నీరసంగా, ఆశగా, చిన్ననాటి నుంచి తనకు తెలిసిన గొంతు ఒకటి పైకి తేలింది.

"చిన్నదొరా, తమరేనా? ఆ మూటలో ఏమైనా మిగిలిందా?"